ప్రశస్తియు పరిశోధనయు: మధ్యయుగ చరిత్రాచార్యుల సన్మాన సంపుటములు

విశ్వవిద్యాలయమున ముప్పది నలుబది సంవత్సరములు పాఠము చెప్పి విరమించు ఆచార్యునకు సహాధ్యాపకులును పూర్వశిష్యులును గూడి వ్యాససంపుట మొకటి సమర్పించుట నేడు స్థిరపడిన మర్యాద. పట్టుశాలువ చినుగును, పూలదండ వాడును, సంపుటము నిలుచును. కావున ఈ మర్యాద మంచిదే. అయితే ఇట్టి గ్రంథములను విమర్శించువారు మనలో అరుదు. గురువునకు సమర్పితమైన దానిని తప్పుపట్టినచో గురువునే తప్పుపట్టినట్లగునేమో యను సంకోచ మొకటి విమర్శకుని వెనుకకు లాగును. అందుచే ఈ సంపుటములపై వచ్చు సమీక్షలు సైతము సన్మానపత్రములవలెనే యుండును. సన్మాన సంపుటము ఒక రచనాప్రక్రియ యైనచో దానికిని గుణదోష నిర్ణయమున కొక కొలబద్ద యుండవలయును. ఆ కొలబద్ద యేది యని విచారించుటయే ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని. విషయము విరివియైనది గావున మధ్యయుగ చరిత్రను బోధించిన ఆచార్యులకు సమర్పింపబడిన సంపుటములకే మా దృష్టిని పరిమితము చేసికొంటిమి. ఈ యెంపికకు కారణము లేకపోలేదు.

మధ్యయుగాంధ్ర చరిత్రకారునకు జీవితమంతయు ప్రశస్తులతోడి సహవాసమే. అతని ముందున్న తామ్రశాసనమును చూడుడు. మొదట మంగళశ్లోకము, పిదప చంద్రునినుండియో సూర్యునినుండియో దిగివచ్చిన వంశావళి, పిదప దాత గెలిచిన యుద్ధములు, ధరించిన బిరుదములు, ఆ తరువాత తిథివార నక్షత్రములు, ప్రతిగ్రహీత గోత్రసూత్రములు, గ్రామనామము, పొలిమేరలు, తుదకు శాపశ్లోకములు, లేఖకుని పేరు. ప్రశస్తి సంస్కృతమున సాగి, పొలిమేరల యొద్దకు వచ్చుసరికి తెలుగునకు దిగుట పలు శాసనములలో కానవచ్చు లక్షణము. రాజు కీర్తి దిగంతములకు పోయినను పోకున్నను లోకమునకు కొదువ లేదు. చెరువునకు తూర్పున నున్న చింతచెట్టుకు పడమటగా హద్దు పోవునో పోదో స్పష్టముగా చెప్పకున్నచో మరునాడే తగవు వచ్చును. చరిత్ర విద్యార్థి నేర్చు మొదటి పాఠ మిదియే: ప్రశస్తి ఎచట ముగియుచున్నది, సాక్ష్య మెచట మొదలగుచున్నది?

రెండవ పాఠ మింతకంటె సూక్ష్మమైనది. ప్రశస్తిని త్రోసిపుచ్చరాదు, అదియు నొక సాక్ష్యమే, కాని అది చెప్పు విషయమునకు గాక చెప్పించినవాని కోరికకు సాక్ష్యము. ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము దీనికి తగిన యుదాహరణము. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ఆంధ్రదేశమునకు కలిగిన దురవస్థను, బందీగా ఢిల్లీకి గొనిపోబడుచున్న ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించుటను, ప్రోలయనాయకుడు తలయెత్తి గోదావరీతీరమున రేకపల్లి యందు నిలిచి పోయిన అగ్రహారములను మరల నిలుపుటను ఆ శాసనము వర్ణించును. దీనిని శ్రీ నేలటూరి వేంకటరమణయ్యగారును శ్రీ మల్లంపల్లి సోమశేఖర శర్మగారును గూడి పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 32వ సంపుటమున ప్రకటించిరి. అంతకు పూర్వమే, 1945లో, శర్మగారు ముసునూరి నాయకుల వృత్తాంతమును ‘మరచిన అధ్యాయము’గా పేర్కొని ఆంగ్లమున నొక గ్రంథము వ్రాసియుండిరి. ఆ కాలమును గూర్చిన మఱియొక ముఖ్యాధారము అనితల్లి కలువచేరు శాసనము; దాని కాలము క్రీ.శ. 1423. కాపయనాయకుని డెబ్బదియైదుగురు నాయకులు సేవించిరన్న మాట అందలిదే. అనగా ఆ సంఖ్య సంఘటన జరిగిన పిదప దాదాపు నూరేండ్లకు, మఱియొక వంశమువారి దానపత్రమున, ప్రశస్తి భాగమున కానవచ్చుచున్నది. ఈనాటి పాఠ్యగ్రంథములలో ఆ డెబ్బదియైదుగురు ఒక ‘సమాఖ్య’గా మారి, సమావేశము జరిపి తీర్మానము చేసినట్లే నడచుచున్నారు. దోషము శాసనమునది గాదు. పుటలనుండి పుటలలోనికి ఎత్తి వ్రాసికొన్న మనది.

ప్రశస్తిని వడగట్టుట వృత్తిగా గల యిట్టి యాచార్యుడు విరమించిన దినమున శిష్యులు అతనికే ఒక ప్రశస్తి వ్రాయుట తలచిన కొలది విచిత్రమే. మన సంపుటముల కూర్పును తామ్రశాసనపు కూర్పుతో పోల్చి చూడుడు. మొదట పెద్దల యాశీస్సందేశములు. పిదప ఆచార్యుని వంశము, విద్యాభ్యాసము. పిదప బిరుదములు, అలంకరించిన పదవులు. అటుపిమ్మట వ్యాసములు, అనగా దానము. తుదకు చందాదారుల పట్టిక, అనగా సాక్షులు. శాపశ్లోక మొకటి తక్కువ యనుకొందుమేమో, సర్వస్వామ్యములను గూర్చిన ప్రకటన ఆ లోటును తీర్చుచున్నది. ఇది పరిహాసమునకై చెప్పినది కాదు. శాసనమును చదువు పద్ధతినే సంపుటమునకును పట్టించి, ప్రశస్తి భాగమును ప్రక్కకు నిలిపి, దత్తభూమి యెంత, దాని హద్దు లేవి యని యడుగవలయునని మా తాత్పర్యము.

ఈ మర్యాద మనకు ఐరోపానుండి వచ్చినది. జర్మనులు దీనిని ఫెస్ట్‌ష్రిఫ్ట్ అందురు, అనగా ఉత్సవ రచన. ఫ్రెంచివారు మెలాంజ్ అందురు, అనగా మిశ్రమము. రెండవ పేరు ఆత్మవిమర్శవలె వినబడును. పెక్కు సంపుటములు నిజముగా మిశ్రమములే. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున మధ్యయుగ చరిత్రను బోధించిన చార్లెస్ హోమర్ హాస్కిన్స్‌కు 1929లో సమర్పితమైన సంపుటము మాత్రము మిశ్రమము కారాదను పట్టుదలతో రూపొందినది. ఆయన నలుబది సంవత్సరముల బోధన ముగిసిన సందర్భమున వెలువడిన ఆ గ్రంథమునకు వ్రాసినవారు ఆయన శిష్యులు. వ్రాసిన విషయము మధ్యయుగ చరిత్ర. గ్రంథనామమే ఆ రెండు హద్దులను చెప్పుచున్నది. హాస్కిన్స్ 1931లో విరమించి 1937లో మరణించెను. నార్మనుల పాలనావ్యవస్థను గూర్చియు, 12వ శతాబ్దిలోని విద్యాపునరుజ్జీవనమును గూర్చియు ఆయన వ్రాసిన గ్రంథములు నేటికిని చదువబడుచున్నవి. శిష్యులవలన ఒక శాఖ యేర్పడినదా లేదా యనుటకు అట్టి సంపుటము ప్రత్యక్ష ప్రమాణము. మిత్రులు, అధికారులు, ఇతర శాఖలవారు ఎల్లరును వ్రాసిన సంపుటము ఆచార్యుని పరిచయముల విస్తృతిని తెలుపునే గాని ఆయన బోధన యొక్క లోతును తెలుపదు.

బెల్జియమునందలి గాన్ విశ్వవిద్యాలయమున 1886నుండి బోధించిన ఆంరీ పిరెన్ కథ మనకు మఱింత యుపయోగించును. ఆయన బోధనకు నలుబదియవ యేడు వచ్చిన 1926లో పూర్వశిష్యులును మిత్రులును రెండు సంపుటముల మెలాంజ్ సమర్పించిరి. పిరెన్ స్వయముగా ఇట్టి మర్యాదకు వారసుడు. ఆయనకు లియేజ్‌లో గురువైన గోడ్‌ఫ్రా కుర్త్ 1874లోనే తరగతి గదిలో ఉపన్యాసమునకు మారుగా విద్యార్థుల చేతికి మూలపత్రము నిచ్చి చదివించు ‘ప్రయోగ పాఠము’ను ఆరంభించినవాడు, ఆ కుర్త్‌కును 1908లో రెండు సంపుటముల మెలాంజ్ వెలువడెను. కుర్త్ నేర్పిన దానిని పిరెన్ గాన్‌లో నాటెను. 1916 మార్చిలో జర్మను సైనికాధికారులు ఆయనను పట్టి జర్మనీకి కొనిపోయినపుడు, బందీల శిబిరమునందు సైతము తోటివారికి చరిత్ర పాఠములు చెప్పెను. పుస్తకములు లేని చోట కేవలము జ్ఞాపకముపై ఆధారపడి ఐరోపా చరిత్ర నొకదానిని వ్రాయ నారంభించెను. ఆ గ్రంథము ఆయన మరణానంతరము 1936లో వెలువడినది.

పిరెన్ పేరు నిలిచిన సిద్ధాంతము 1922లో ఒక చిన్న వ్యాసముగా మొదలై, ఆయన 1935లో గతించిన పిమ్మట 1937లో గ్రంథముగా ప్రకటితమైనది. జర్మను జాతుల దండయాత్రలతో రోమను ప్రపంచము ముగియలేదనియు, మధ్యధరా సముద్రముపై వాణిజ్యము ఆ పిమ్మటను సాగెననియు, 7వ శతాబ్దిలో ఇస్లాము వ్యాప్తివలన ఆ సముద్రము మూతపడి పడమటి ఐరోపా భూమిపైననే యాధారపడు సమాజముగా మారెననియు ఆయన వాదము. పాపిరసు, సుగంధద్రవ్యములు, పట్టువస్త్రములు, బంగారునాణెములు క్రమముగా మాయమగుట ఆయన చూపిన గురుతు. ఆయన వాదమునకు అండగా నిలిచిన పత్రములలో నొకటి 716లో రెండవ షిల్పెరిక్ రాజు కోర్బీ మఠమున కిచ్చిన దానపత్రము. మార్సే సమీపమున ఫోస్ రేవునందలి రాజభాండాగారమునుండి ఆ మఠము పొందదగిన సరకుల పట్టిక యందున్నది: పదివేల పౌనుల నూనె, ముప్పది పౌనుల మిరియాలు, నూటయేబది పౌనుల జీలకఱ్ఱ, ఖర్జూరములు, ఏబది కట్టల పాపిరసు మొదలైనవి. 716లో ఇన్ని సరకులు తూర్పునుండి వచ్చుచున్న వనుటకు ఇంతకంటె సాక్ష్య మేమి కావలయును?

కాని ఆ పత్రము పూర్వరాజు లిచ్చిన దానమును స్థిరపరచుచు వ్రాసినది. పట్టిక 716 నాటి భాండాగారమును చూచి వ్రాసినదా, పాతపత్రమునుండి యెత్తి వ్రాసినదా యని తరువాతి పండితులు ప్రశ్నించిరి. ఇది శాసనములు చదువు మనకు చిరపరిచితమైన ప్రశ్నయే. మఱియొక వైపునుండి ప్రశ్న లేవదీసినవాడు పిరెన్ శిష్యుడే. 1930లో గురువు విరమింపగా గాన్‌లో ఆయన స్థానమున నిలిచిన ఫ్రాన్స్వా లూయి గాన్షాఫ్, గురుగ్రంథము వెలువడిన మరుసటి యేడే, 1938లో, 8వ శతాబ్దినుండి 10వ శతాబ్దివరకు ప్రొవాన్స్ తీరమునందలి రేవులను గూర్చి యొక చిన్న వ్యాసము ప్రకటించెను. ఆ రేవులలో రాకపోకలు గురువు తలచినంతగా అణగిపోలేదని అందు చూపెను. ఆ వ్యాసమున పరుషవాక్య మేమియు నుండ నక్కఱలేకపోయెను. ఆధారములను వరుసగా పేర్చుటయే చాలెను. అదే సమయమున ఫెర్నాన్ వెర్కోటెరెన్ అను మఱియొక శిష్యుడు గురువు విడిచిపోయిన వ్రాతప్రతిని గ్రంథరూపమునకు తెచ్చుటలో ఆయన కుమారునకు తోడ్పడెను. ఒక శిష్యుడు గురుమతమును లోకమున కందించెను, మఱియొకడు దానిని పరీక్షించెను. వీరిరువురిలో గురుభక్తి యెవనిది యెక్కువ యని తూచుట తెలివితక్కువ పని. 1926 నాటి రెండు సంపుటములకంటె 1938 నాటి ఆ కొలది పుటలే పిరెన్‌కు జరిగిన నిజమైన సన్మానమని మే మనుకొందుము. గురువు నేర్పిన పద్ధతితో గురువు చెప్పిన మాటను కొలుచుట పద్ధతిపైగల గౌరవమునకు పరాకాష్ఠ గదా.

ఈ రేవుల ప్రస్తావన మమ్ము మన మోటుపల్లికి లాగుచున్నది. గణపతిదేవుడు 1244 ప్రాంతమున అచట వేయించిన అభయశాసనమున ఓడ చెడి సరకు తీరమునకు కొట్టుకొనివచ్చినపుడు రాజు దానిని హరింపరాదను కట్టడియు, చందనము, కర్పూరము, దంతము, ముత్యములు, మిరియాలు మున్నగువానిపై సుంకముల వివరమును గలవు. ఓరుగల్లు పోయి రెడ్డిరాజ్య మేర్పడిన తరువాత 1358లో అనపోతారెడ్డి అదే రేవున వర్తకులకు మరల అభయ మొసగెను. ఇక శ్రీనాథుని హరవిలాసమునకు కృతిపతియైన అవచి తిప్పయ్యసెట్టి ఏయే దీవులనుండి యేయే వస్తువులను తెప్పించెనో ఆ కావ్యపు టవతారికలో నున్నది: సింహళపు టేనుగులు, హురుమంజి గుఱ్ఱములు, చీనిపట్టు, కర్పూరము మొదలైనవి. సోమశేఖర శర్మగారు రెడ్డిరాజ్యముల చరిత్రను వ్రాయుచు, కేవలము రాజుల పోరులతో తృప్తిపడక, ఇట్టి కావ్యసాక్ష్యములను శాసనముల ప్రక్కన నిలిపి నాటి వాణిజ్యమును, వేషభాషలను, పండుగలను, వినోదములను చిత్రించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆ గ్రంథమును 1948లో ప్రకటించినది. విశ్వవిద్యాలయ పట్టము లేకయే విశ్వవిద్యాలయమున చరిత్ర బోధించిన పండితుని గ్రంథ మది. తెలుగు శాఖలవారు తమ కావ్యములు చరిత్రకు పనికివచ్చునని గర్వపడుటకు ఆ గ్రంథము ముఖ్య కారణము.

అయినను కోర్బీ పత్రమునకు వేసిన ప్రశ్నను హరవిలాసపు పద్యమునకు మనమింకను తగినంత గట్టిగా వేయలేదు. కృతిపతి వైభవమును చాటుటకు కవి కూర్చిన వస్తువుల పట్టిక సుంకపు లెక్కతో సమానము కాదు. హురుమంజి గుఱ్ఱములు వచ్చెననుట నమ్మదగినదే, ఏలన ఇతరాధారములును గలవు. మిగిలిన దేశనామములలో కొన్ని యెచటివో నేటికిని తగవు తీరలేదు. కవి విన్న పేరు లెన్ని, వర్తకుడు పంపిన ఓడ లెన్ని? కావ్యపట్టికను మోటుపల్లి సుంకపట్టికతో వస్తువువారీగా సరిపోల్చి, ఉభయసామాన్యములను వేరుచేసి, ఒంటరిగా మిగిలిన వాని సంగతి తేల్చినచో ఆ వ్యాసము శర్మగారికి ఏ బంగారుపూల సన్మానముకంటెను తక్కువ కాదు. శర్మగారు 1963లో దివంగతులైరి. ఆయన ప్రతిపాదనలను ఆయన ఆధారములతోనే పునఃపరీక్షించు అధికారము మాత్రము శిష్యపరంపరకు మిగిలియున్నది.

తెలుగునాట సంచికల చరిత్రను చూచినచో మఱియొక విశేషము గోచరించును. రాజమహేంద్రవరము కేంద్రముగా వెలసిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1922లో రాజరాజనరేంద్ర పట్టాభిషేక సంచికను వెలువరించినది. రాజరాజు పట్టాభిషిక్తుడై తొమ్మిదివందల యేండ్లు నిండిన సందర్భ మది. తరువాత 1935లో కాకతీయ సంచిక, 1947లో రెడ్డి సంచిక వచ్చినవి. మూడును రాజునకో రాజవంశమునకో సమర్పితములు. మనము ముందుగా సన్మానించినది చరిత్రను చెప్పినవారిని గాదు, చరిత్రలో నున్నవారిని. ఆ రోజులలో తెలుగువారికి తమ రాజ్యముల జ్ఞాపకము ఒక రాజకీయావసరము గూడ. ప్రత్యేక రాష్ట్రమును కోరు జాతికి పూర్వరాజ్యముల ప్రమాణము కావలసియుండెను. కావున ఆ సంచికలలో ఆవేశపు వ్యాసములు కొన్ని యుండుట సహజమే. ఆవేశము ప్రక్కననే, శాసనపాఠములను తొలిసారిగా సరిగా అచ్చొత్తి యిచ్చిన వ్యాసములును వానియందున్నవి. నూరేండ్లు గడచినను వానిని విప్పవలసి వచ్చుట ఆ రెండవ తరగతి వ్యాసములవలననే. గురువు నుద్దేశించిన సంపుటములు మనకు తొలుత భాషాసాహిత్యముల వైపునుండి వచ్చినవి. గిడుగు రామమూర్తి పంతులుగారికి 1933లో సమర్పితమైన వ్యాససంగ్రహము అట్టిది. ఆయన వ్యావహారిక భాషావాదిగా ప్రసిద్ధులైనను గాంగుల శాసనములను శ్రద్ధగా చదివినవారు. కావున ఆ సంగ్రహమును చరిత్రకారులు సైతము తమదిగా చెప్పుకొనవచ్చును.

చరిత్రాచార్యునకు సంపుటము సమర్పించుట దక్షిణదేశమున మద్రాసు విశ్వవిద్యాలయముతో బలపడినది. అచట 1914నుండి 1929వరకు భారత చరిత్ర, పురావస్తు శాస్త్రములకు ఆచార్యులైన ఎస్. కృష్ణస్వామి అయ్యంగారికి 1936లో స్మారక సంపుటము వెలువడెను. ఆయన తరువాత 1929నుండి 1947వరకు ఆ పీఠము నలంకరించిన కె.ఏ. నీలకంఠశాస్త్రిగారికి సన్మాన సంపుటము 1971లో గాని రాలేదు. విరమణకును సంపుటమునకును నడుమ ఇరువదినాలుగేండ్లు. ఆలస్యమునకు కారణము లేవైనను ఒక మేలు జరిగినది: ఆ నడుమ శాస్త్రిగారు స్వయముగా మఱిన్ని గ్రంథములు వ్రాసి, విరమణము ముగింపు కాదని నిరూపించిరి.

ఈ మద్రాసు పరంపరలో మా కెంతో యిష్టమైన సన్మాన సంపుటము ఆ పేరున వెలువడినది కాదు. 1919లో అయ్యంగారు విజయనగర చరిత్రకు ఆధారములైన సాహిత్యభాగముల నేరి కూర్చి ప్రకటించిరి. వరాహపురాణము, మనుచరిత్ర, ఆముక్తమాల్యద, కృష్ణరాయవిజయము మున్నగు తెలుగు కావ్యముల యవతారికలు చరిత్ర విద్యార్థి బల్లపైకి వచ్చుట ఆ కూర్పుతోనే. ఇరువదియేడేండ్ల తరువాత, 1946లో, నీలకంఠశాస్త్రిగారును నేలటూరి వేంకటరమణయ్యగారును అదే పనిని మూడు సంపుటములుగా పెంచిరి. స్థానిక వృత్తాంతములైన కైఫీయతులకును అందు స్థానము దొరకినది. ఆ గ్రంథమునకు వారు పెట్టిన పేరు ‘మఱికొన్ని యాధారములు’ అను అర్థము నిచ్చునది. ఆ ‘మఱికొన్ని’ అను మాటలో పూర్వాచార్యునిపై గల గౌరవ మంతయు ఇమిడియున్నది. మీరు మొదలిడితిరి, మేము కొనసాగించుచున్నాము. మీరు చూడనివి కొన్ని కనబడినవి, ఇవిగో. అందు పీఠికాశ్లోకములు లేవు, ఛాయాచిత్రములు లేవు. వేంకటరమణయ్యగారు అయ్యంగారి మతమును అన్నిట అంగీకరించినవారు కారని స్మరింపవలయును. విజయనగర స్థాపనను హొయసల రాజు మూడవ బల్లాలునితో ముడిపెట్టిన అయ్యంగారి పక్షమునకు భిన్నముగా, ఆయన 1929లోను 1933లోను వ్రాసిన గ్రంథములలో కంపిలి రాజ్యమును, తెలుగుదేశపు సంబంధమును ముందునకు తెచ్చెను. ఆ వివాదము నేటికిని పూర్తిగా చల్లారలేదు. వివాదమున ఎదురు నిలిచినవాడే ఆధార సంకలనమున కొనసాగింపు చేపట్టుట మన విద్యాలోకమున తరచుగా కానరాని దృశ్యము.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి మన ఈనాటి సంపుటములను చూచినచో రెండు మూడు దోషములు ప్రస్ఫుటముగా కనబడును. మొదటిది వ్యాసము లేకుండ వ్యాసము వ్రాయుట. సంపాదకుని యొత్తిడికి లోబడి, అంతకు పూర్వము రెండు పత్రికలలో వచ్చినదానినే శీర్షిక మార్చి పంపుట. ఇది దత్తభూమినే మరల దానము చేయుట. మధ్యయుగమున దీనికి శాపశ్లోకము లుండెను. రెండవది విశేషణముల యాధిక్యము. ‘అపార పాండిత్యము’, ‘నిరుపమాన ప్రతిభ’ యనునవి ఏ ఆచార్యునికైనను అతుకును గావున ఏ ఆచార్యుని గూర్చియు ఏమియు చెప్పవు. తేదీ లేని శాసనమువంటి వవి. మూడవది సూచిక లేకపోవుట. ఏబది వ్యాసముల గ్రంథమున గ్రామనామముల సూచిక లేనిచో పరిశోధకునకు అది తలుపు లేని కొట్టు.

శిష్యులు వ్రాయు జ్ఞాపకములను మాత్రము మేము తోసిపుచ్చము. పండితులు కొందరు వానిని చిన్నచూపు చూతురు. మా యభిప్రాయము వేరు. అయితే జ్ఞాపకము లన్నియు నొక తరగతివి కావు. ఆచార్యులు తమకు కాఫీ యిచ్చి ఆదరించిరని వ్రాయుట శిష్యునకు ముద్దు, పాఠకునకు భారము. ఆచార్యులు అరిగిపోయిన శిలాశాసనపు కాగితపు అచ్చును ఏ వెలుగున పట్టి చదువువారు, సందేహాస్పదమైన అక్షరమును ఏ లిపిపట్టికతో సరిచూచువారు, శకసంవత్సరమునకును వారమునకును పొసగనిచో ఏమి చేయువారు, ఏ పాఠమును తరువాత మార్చుకొనిరి, ఎందుకు మార్చుకొనిరి యని వ్రాసిన శిష్యుడు మఱెచటను దొరకని సాక్ష్యము నిచ్చినవాడగును. ముద్రితగ్రంథమున నిర్ణయము మాత్రముండును. నిర్ణయమునకు ముందు జరిగిన తర్జనభర్జన తరగతి గదిలో నుండును, శిష్యులతోనే పోవును. కుర్త్ ప్రయోగపాఠమును గూర్చి మన కేమైన తెలిసినదన్నచో ఆయన శిష్యులు దానిని వ్రాసిపెట్టిరి గనుకనే. మన శాసనపండితుల పఠనపద్ధతులను గూర్చి ఇట్టి వ్రాతలు వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే.

ఇటీవలి పరిశోధన దృష్టి యెంత మారినదో గూడ సంపాదకులు గమనింపవలయును. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు 1978లో వెలువరించిన కాకతీయ చరిత్రలో రాజవంశక్రమ నిర్ణయము ప్రధానము. సింథియా టాల్బట్ 2001లో ప్రకటించిన గ్రంథమున వేయికి పైబడిన శిలాశాసనములను ఒక్కచోట పేర్చి, దేవాలయములకు దానము చేసినవా రెవరు, గొల్లలెందరు, సెట్లెందరు, భటులెందరు, వారు తమ్ము దాము ఏమని చెప్పుకొనిరి యని లెక్కించి చూపెను. రాజప్రశస్తిని వదలి సాక్షుల పట్టికకు దిగిన చరిత్ర యిది. పూర్వులు శాసనములను ఒక్కొక్కటిగా పరిష్కరించి యుండనిచో ఇట్టి లెక్క సాధ్యము కాకుండెడిది. ఇట్టి లెక్క లేనిచో పూర్వుల పరిష్కరణములు సగము మాత్రమే ఫలించియుండెడివి. ఒక ఆచార్యుని సంపుటమున ఆయన పరిష్కరించిన శాసనములనే ఆధారముగా గొని నలుగురు శిష్యులు ఈ విధమైన ప్రశ్నలు వేసినచో ఆ సంపుటమునకు విశేషణములతో పని యుండదు.

చేయదగిన పని యొకటి మాత్రము తక్షణమున్నది. 1922 నాటి సంచిక మొదలు నేటివరకు వెలువడిన సంచికలలోను, సన్మాన సంపుటములలోను చేరిన చరిత్రవ్యాసములకు సమగ్రమైన పట్టిక యవసరము. అందు వ్యాసకర్త పేరు, చర్చించిన శాసనము దొరకిన గ్రామము, శకసంవత్సరము, ఆ శాసనము తరువాత ఎపిగ్రాఫియా ఇండికాలో గాని ఇతర సంపుటములలో గాని పునర్ముద్రిత మైనదా లేదా యను నాలుగు వివరములు చాలును. పరిశోధక విద్యార్థులు నలుగురు ఒక గ్రంథాలయమున కూర్చున్నచో ఒక వేసవిలో మొదటి మూడు సంచికల పని ముగియును. వ్యక్తులకు సమర్పితమైన సంపుటములు చెదరియున్నవి గావున అవి తరువాత చేపట్టవచ్చును.